ఐర్లాండ్‌లో కొత్త కాపురం: ఒకే ఇంట్లో రెండు వేగాలు

ఐర్లాండ్ బయల్దేరే జంటకు ముందుగా అందే సలహాలన్నీ మూడు విషయాల చుట్టూనే తిరుగుతాయి. జీతంలో ఎంత మిగులుతుంది, అద్దె ఎంత, వాన ఎంత. మూడూ తెలుసుకోవాల్సినవే. కానీ రెండు మూడేళ్లు గడిచాక ఆ జంట అక్కడ నిలదొక్కుకుందా, ఎప్పుడెప్పుడు వెనక్కి వచ్చేద్దామా అని చూస్తోందా అన్నది వీటికంటే ఇంకో విషయం మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఉద్యోగం మీద వెళ్లిన మనిషికి మొదటి సోమవారం నుంచే ఒక ఆఫీసు, ఒక టీమ్, మధ్యాహ్నం కలిసి తినడానికి నలుగురు మనుషులు దొరుకుతారు. వెంట వెళ్లిన మనిషికి ఆ సోమవారం దొరికేది నాలుగు గోడల ఫ్లాటు, ఒక వైఫై పాస్‌వర్డ్. ఈ రెండో మనిషి కుదురుకున్నప్పుడే ఆ కాపురం కుదురుకుంటుంది. చాలా ఇళ్లలో ఆ రెండో మనిషి భార్య. నర్సుగానో ఫార్మసిస్టుగానో భార్యే ముందు వెళ్లిన ఇళ్లలో భర్త.

2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లాండ్‌లో 45 వేలకు పైగా భారత పౌరులున్నారు. విదేశీ పౌరుల్లో పోలాండ్, బ్రిటన్ దేశస్థుల తర్వాత మనవాళ్లే ఎక్కువ. దేశం మొత్తం జనాభా 50 లక్షలు దాటి కొంచెం. అంటే హైదరాబాద్ మహానగర జనాభాలో దాదాపు సగం ఉండే దేశం. అంత చిన్న చోట ఈ సంఖ్య చిన్నదేమీ కాదు. వీరిలో తెలుగువారు ఎక్కువగా సాఫ్ట్‌వేర్, ఫార్మా, మెడికల్ డివైజ్ కంపెనీల్లో కనిపిస్తారు. మాస్టర్స్ చదవడానికి వెళ్లి, తర్వాత ఉద్యోగం దొరికి, ఊరొచ్చి పెళ్లి చేసుకుని జంటగా తిరిగి వెళ్లినవారూ చాలామందే.

ఇద్దరూ కుదురుకునే ఈ రెండు వేగాల తేడాకు మొదటి కారణం వీసా చట్టం. 2019 మార్చి వరకు, కొరత ఉన్న నైపుణ్యాలకు ఇచ్చే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద వెళ్లినవారి భార్య లేదా భర్త ఉద్యోగం చేయాలంటే విడిగా మరో పర్మిట్ తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ తంతుకు జడిసి చాలా కంపెనీలు అసలు ఇంటర్వ్యూకే పిలిచేవి కావు. 2019లో వారికి నేరుగా స్టాంప్ 1జి అనే నివాస అనుమతి ఇవ్వడం మొదలైంది. దాంతో వేరే పర్మిట్ లేకుండానే ఉద్యోగం చేయొచ్చు. మామూలు జనరల్ పర్మిట్ మీద వెళ్లినవారి భాగస్వాములకు ఈ వెసులుబాటు రావడానికి 2024 మే దాకా ఆగాల్సి వచ్చింది. ఎంటెక్ చదివి, హైదరాబాద్‌లో ఐదారేళ్లు ఉద్యోగం చేసిన మనిషి ఒక స్టాంపు కారణంగా ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవడం చిన్న నష్టం కాదు. చేతిలో సొంత డబ్బు లేకపోవడం, ప్రతిదానికీ అడగాల్సి రావడం, రెజ్యూమెలో ఖాళీ పెరిగిపోవడం, అన్నీ కలిసి భార్యాభర్తల మధ్య మాటల్లోకి దిగుతాయి. చట్టం మారినా ఒక ముడి అలాగే ఉంది: రెండో మనిషి స్టాంపు మొదటి మనిషి పర్మిట్‌ను ఆధారం చేసుకునే ఉంటుంది. ఒకరి ఉద్యోగానికి టెన్షన్ వస్తే ఇద్దరి కాగితాలకూ టెన్షనే.

కాగితాల్లోనే ఇంకో చిక్కుంది. పన్ను, ఉద్యోగం, ప్రభుత్వ సేవలు అన్నిటికీ పీపీఎస్ నంబరు కావాలి. దానికి అడ్రస్ ప్రూఫ్ కావాలి. బ్యాంకు అకౌంటుకూ అడ్రస్ ప్రూఫే అడుగుతారు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు అన్నీ ఒక్కరి పేరు మీదే ఉంటే రెండో మనిషి ఆ దేశంలో ఉంటున్నట్టు చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు. అందుకే ఒప్పందంలో ఇద్దరి పేర్లూ రాయించుకోవడం, కనీసం కరెంటు బిల్లైనా రెండో మనిషి పేరు మీద పెట్టించడం మొదటి వారంలోనే చేయాల్సిన పని. తెలుగు పేర్లతో మరో ఇబ్బంది: పెళ్లయ్యాక కూడా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, లేదా ఇంటిపేరు గడి అసలు ఖాళీగా ఉంటుంది. పేర్లు చూసి ఇద్దరూ దంపతులని అక్కడి అధికారికి అర్థం కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న పెళ్లి సర్టిఫికెట్ చేతిలో ఉంటే చాలా తలనొప్పులు తప్పుతాయి. పెళ్లయిందని పన్నుల శాఖకు చెప్పడమూ అంతే ముఖ్యం. 2025 లెక్క ప్రకారం ఒక్కరే సంపాదించే జంటకు 53 వేల యూరోల వరకు 20 శాతం పన్ను పడుతుంది, ఆపైన 40 శాతం. ఇద్దరూ సంపాదిస్తే ఆ తక్కువ రేటు గరిష్ఠంగా 88 వేల దాకా వర్తిస్తుంది. రెండో జీతం ఇంటికి ఎంత ఊపిరో ఈ అంకెలే చెబుతాయి.

ఇల్లు, చెమ్మ, చీకటి

డబ్లిన్‌లో ఇల్లు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కష్టం. ఇందులో అతిశయోక్తి లేదు. కొత్తగా అద్దెకు దిగేవారు నగరంలో సగటున నెలకు 2 వేల యూరోలకు పైనే కడుతున్నారు. ఒక ఇల్లు చూడటానికి ఒకే సాయంత్రం పదుల మంది వరసలో నిలబడతారు. ఓనరు అడిగేవి ఆఫీసు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్, పాత ఓనరు ఇచ్చే ఉత్తరం. ఆ దేశంలో పాత ఓనరు లేని కొత్త జంట హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో తాము అద్దెకున్న ఇంటి ఓనరు చేత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయించుకుని వెళ్తే ఉపయోగపడుతుంది. అడ్వాన్సు విషయంలో 2021 నుంచి చట్టం స్పష్టంగా ఉంది: ఒక నెల డిపాజిట్, ఒక నెల ముందస్తు అద్దె, అంతకు మించి అడగకూడదు. ఇల్లు కళ్లతో చూడకముందు, తాళం చేతికి రాకముందు డబ్బు పంపమనేవారిని నమ్మకూడదు. ఇండియా నుంచే ఇల్లు ఖాయం చేసుకోవాలన్న తొందరలో డబ్బు పోగొట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఇల్లు దొరికాక అసలు చదువు మొదలవుతుంది. వాన గురించి అందరూ భయపెడతారు కానీ డబ్లిన్‌లో ఏడాదంతా కురిసే వాన కలిపి కొలిస్తే హైదరాబాద్ వర్షపాతాన్ని మించదు. హైదరాబాద్‌లో అది నాలుగు నెలల్లో కుండపోతగా పడిపోతుంది. అక్కడ ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా తుంపరలా పడుతూనే ఉంటుంది. గాలికి గొడుగు నిలవదు, అందుకే స్థానికులు టోపీ ఉన్న రెయిన్ జాకెట్ వేసుకుంటారు. నిజమైన ఇబ్బంది బయటి వానతో కాదు, ఇంట్లో చెమ్మతో. చలికి కిటికీలు బిగించి, అన్నం వార్చి, సాంబారు మరిగించి, ఉతికిన బట్టలు హాల్లోనే స్టాండు మీద ఆరేస్తే ఆ ఆవిరంతా చల్లటి గోడ మీద నీరై కూర్చుంటుంది. నెల తిరిగేసరికి బీరువా వెనక, కిటికీ మూలల్లో నల్లగా బూజు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవకు ఇదీ ఒక కారణమవుతుంది, పసిపిల్లలకు దగ్గు పట్టుకోవడానికి కూడా. విరుగుడు చిన్నదే. ఎంత చలిగా ఉన్నా పొద్దున పది నిమిషాలు కిటికీలన్నీ బార్లా తెరవాలి, గోడకూ బీరువాకూ మధ్య బెత్తెడు సందు వదలాలి, బట్టలు ఆరే గదిలో డీహ్యూమిడిఫయర్ పెట్టుకోవాలి.

పోపు విషయం కూడా అంతే. మన వంటిళ్లలో పొగ కిటికీలోంచి పోతుంది. అక్కడ చాలా ఫ్లాట్లలో వంటిల్లు, హాలు కలిసే ఉంటాయి. ఎండుమిర్చి, ఇంగువ నూనెలో పడగానే స్మోక్ అలారం మోగుతుంది. అది చిన్న సంగతి. తలుపు పక్కన కొక్కేలకు వేలాడే ఉన్ని కోట్లకు ఆ వాసన పట్టి వారాలపాటు పోదు. ఆ కోటు వేసుకుని బస్సెక్కినప్పుడు పక్కవారు ఏమనుకుంటారో అన్న బెరుకు, ముఖ్యంగా కొత్తలో, చాలామందిని వంటకే దూరం చేస్తుంది. వంట మానేయడం దీనికి పరిష్కారం కాదు. కోట్లను పడకగదిలో పెట్టి తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి పోపు పెట్టుకుంటే సరిపోతుంది. ఇష్టమైన తిండి లేకుండా ఆ చలికాలం గడపడం కష్టం.

చలికాలం అంటే చలి అనుకుంటారు. కానీ మనుషుల్ని కుంగదీసేది చీకటి. డిసెంబరులో డబ్లిన్‌లో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక వస్తాడు, సాయంత్రం నాలుగు దాటిన కాసేపటికే వెళ్లిపోతాడు. ఆ రోజుల్లో ఇండియాకు ఐదున్నర గంటల తేడా. సాయంత్రం నాలుగింటికి అక్కడ చీకటి పడేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అమ్మానాన్నలు పడుకునే వేళ. ఉద్యోగానికి వెళ్లిన మనిషి బస్సు పట్టుకుని ఇల్లు చేరేది ఆరు దాటాకే. నాలుగు నుంచి ఆరున్నర దాకా ఇంట్లో ఉన్న మనిషికి మాట్లాడటానికి ఊళ్లో ఎవరూ మేలుకుని ఉండరు, అక్కడ ఎవరూ ఇంటికి రారు, బయట నడవడానికి వెలుతురు ఉండదు. చాలా జంటల్లో తగవులు రాత్రి ఏడింటికి మొదలవుతాయంటే కారణం ఆ రెండున్నర గంటలే. ఇది తెలిసిన జంటలు ఆ సమయాన్నే ఏదో ఒక పనితో నింపుకుంటారు: లైబ్రరీ, ఈత, ఏదైనా క్లాసు, పార్ట్‌టైమ్ ఉద్యోగం. జూన్ వచ్చేసరికి కథ పూర్తిగా తిరగబడుతుంది. రాత్రి పది దాకా వెలుగే. పిల్లల్ని పడుకోబెట్టడమే ఒక యుద్ధం.

త్వరగా పలకరించి, నెమ్మదిగా దగ్గరయ్యే మనుషులు

ఐరిష్ వాళ్లు పలకరింపులో ముందుంటారు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పకుండా దిగేవారు అరుదు, స్కూలు పిల్లలతో సహా. లిఫ్టులో, షాపు క్యూలో, కుక్కను తిప్పేచోట వాతావరణం గురించి రెండు మాటలు తప్పకుండా నడుస్తాయి. కొత్తగా వెళ్లిన జంట ఇది చూసి నెల తిరగకుండానే స్నేహితులు దొరికేశారనుకుంటుంది. ఆరు నెలలయ్యాక ఒక్కరి ఇంట్లోకి కూడా అడుగు పెట్టలేదని గుర్తొచ్చి మనసు చిన్నబుచ్చుకుంటుంది. రెండూ తొందరపాటే. ఆ దేశంలో చాలామంది స్నేహాలు స్కూల్లో, సొంత ఊళ్లో, ఆటల క్లబ్బులో చిన్నప్పుడే కుదిరిపోతాయి. ఇంటికి భోజనానికి పిలవడం మన దగ్గర పరిచయానికి మొదటి మెట్టు. అక్కడ అది దాదాపు చివరి మెట్టు.

ఒక విషయంలో మాత్రం తెలుగువారికి ఆ మనుషులు వెంటనే అర్థమవుతారు. టీ తాగుతారా అని అడిగితే మొదటిసారి వద్దనడం అక్కడా మర్యాదే. రెండోసారి, మూడోసారి బతిమాలాక ఒప్పుకోవడం అక్కడా మామూలే. పాలు పోసుకున్న చిక్కటి టీ తాగడంలో ప్రపంచంలో ముందు వరసలో ఉన్న దేశం అది. కార్క్‌లో పుట్టిన బ్యారీస్ గొప్పదా, లయన్స్ గొప్పదా అని ఇళ్లలో గట్టిగానే వాదించుకుంటారు. నేరుగా కాదనడం కూడా వాళ్లకు ఇష్టముండదు. ఎప్పుడో కలుద్దాం, చూద్దాం, ఫోన్ చేస్తాను అన్న మాటల్లో ఏది నిజంగా పిలుపో, ఏది మర్యాదో మన చుట్టాల మధ్య మనం ఎలా పసిగడతామో అక్కడా అలాగే పసిగట్టాలి. అమెరికాలోనో జర్మనీలోనో పనిచేసి వెళ్లినవారికంటే నేరుగా మన ఊళ్ల నుంచి వెళ్లినవారు ఈ విషయంలో తొందరగా పట్టు సాధిస్తారనిపిస్తుంది. ఆఫీసులో ఇది ఇంకా ముఖ్యం. మేనేజరు నెమ్మదిగా, నవ్వుతూ, వీలైతే ఇలా చేస్తే బాగుంటుందేమో అన్నాడంటే అది చాలాసార్లు సలహా కాదు, ఆదేశం.

పబ్ గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. మందు తాగనివారు కూడా వెళ్లొచ్చు, పిల్లలతో భోజనానికీ వెళ్లొచ్చు. 2004 మార్చి నుంచి లోపల సిగరెట్ నిషేధం. తెలుసుకోవాల్సింది ఒక్కటే. నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరూ ఒక్కోసారి అందరికీ కొంటారు. సోడా తాగినవారు కూడా తమ వంతు వచ్చినప్పుడు లేచి వెళ్లి అందరికీ తేవాలి. ఇంకొకరు ఇప్పించింది తాగి, తన వంతు రాకముందే వెళ్లిపోయే మనిషిని పైకి ఏమీ అనరు, మళ్లీ పిలవరు.

చావు ఇల్లు మాత్రం ఎక్కువ చెప్పుకోవాల్సిన విషయం. ఐరిష్ సమాజంలోకి లోపలి దారి ఇదే. పక్కింటాయన తల్లి పోయినా, ఆఫీసులో తోటి ఉద్యోగి తండ్రి పోయినా, పోయినవారిని ఒక్కసారి కూడా చూడకపోయినా జనం వెళ్తారు. ఎవరు పోయారో, దేహాన్ని ఎక్కడ ఉంచారో, చర్చిలో ప్రార్థన ఎన్ని గంటలకో ఆర్‌ఐపీ డాట్ ఐఈ సైట్లో పెడతారు. పల్లెల్లో రోజూ పొద్దున్నే ఆ సైటు చూసేవారున్నారు. రెండు మూడు రోజుల్లో అంత్యక్రియలు అయిపోతాయి కాబట్టి వెళ్లాలా వద్దా అని ఆలోచించేలోపే సమయం దాటిపోతుంది. ఇంట్లో పెట్టె తెరిచి ఉంచి, చుట్టూ కూర్చుని, టీ, సాండ్‌విచ్‌లు తింటూ పోయినవారి సంగతులు నవ్వుతూ చెప్పుకోవడం చూసి మనవారు మొదట తడబడతారు. చావు ఇంట్లో తినడం, ముట్టుకోవడం, మైల ఇవన్నీ మనసులో మెదులుతాయి. వెళ్లి, వరసలో నిలబడి, ఇంటివాళ్ల చేయి పట్టుకుని సారీ ఫర్ యువర్ ట్రబుల్ అని ఒక్క మాట చెప్పి వచ్చేస్తే చాలు. టీ తాగకపోయినా ఎవరూ తప్పు పట్టరు. ఇంటికొచ్చి తలస్నానం చేయాలనుకుంటే చేయొచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. తెల్లచీర కాకుండా ముదురు రంగు బట్టలు వేసుకోవడం, నోటీసులో ఇంటికి రావద్దని రాసి ఉంటే నేరుగా చర్చికి వెళ్లడం, ఇంతే నియమాలు. నెల తిరిగాక పోయినవారి పేర మళ్లీ ప్రార్థన పెడతారు, మన మాసికంలాగే. పదిసార్లు కాఫీకి పిలిచినా కుదరని దగ్గరితనం ఒక్క చావుకు వెళ్తే కుదురుతుంది. ఇది ఆ దేశంలో ఏళ్లుగా ఉన్న మనవారు పదేపదే చెప్పే మాట.

రెండో మనిషి దారి

కారు లేకుండా డబ్లిన్‌లో నెట్టుకురావచ్చు. లువాస్ ట్రామ్, డార్ట్ రైలు, బస్సు ఉన్నాయి. లీప్ కార్డుతో 90 నిమిషాల ప్రయాణం పెద్దలకు 2 యూరోలు. అద్దె తక్కువని లిమెరిక్‌కో అత్‌లోన్‌కో వెళ్తే మాత్రం కారు కావాల్సిందే. ఇండియా లైసెన్సును అక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు. థియరీ పరీక్ష, లర్నర్ పర్మిట్, గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గర పాఠాలు, ఆపైన డ్రైవింగ్ టెస్టు కోసం నెలల తరబడి నిరీక్షణ. మామూలుగా 12 పాఠాలు. మన లైసెన్సు అనుభవం చూపిస్తే వాటిని తగ్గించే వీలుంది. లర్నర్ ఒంటరిగా బండి తీయకూడదు. పక్కన రెండేళ్లుగా పూర్తి లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. కొత్త జంటలో ఇద్దరికీ అది ఉండదు. సాధారణంగా ఉద్యోగం చేసే మనిషి ముందు లైసెన్సు తెచ్చుకుని, రెండో మనిషి సంగతి తర్వాత చూద్దాంలే అంటారు. ఆ తర్వాత మూడేళ్లవుతుంది. ఊరి చివర ఇంట్లో, గంటకొక బస్సు ఉన్నచోట, కారు నడపలేని మనిషికి ఉద్యోగం రాదు. ఇద్దరూ ఒకేసారి లర్నర్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవడం ఖర్చులా కనిపిస్తుంది కానీ తర్వాతి రెండేళ్లను కాపాడుతుంది.

ఉద్యోగం వెతుక్కునేటప్పుడు డిగ్రీకి విలువ లేదనే భయం చాలామందిలో ఉంటుంది. ఏ దేశపు డిగ్రీ అక్కడి ఏ స్థాయికి సమానమో చెప్పే పత్రం నారిక్ ఐర్లాండ్ ద్వారా ఉచితంగా దొరుకుతుంది. అసలు అడ్డంకి అక్కడి పని అనుభవం, అక్కడివారు ఇచ్చే రిఫరెన్సు. దానికి దగ్గరి దారి ఛారిటీ షాపులు. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటో రెండో ఉంటాయి, వారానికి రెండు పూటలు పనిచేసేవారిని సంతోషంగా చేర్చుకుంటాయి. జీతం లేదు. కానీ స్థానిక యాస చెవికి అలవాటవుతుంది, రిఫరెన్సు రాసే ఒక మేనేజరు దొరుకుతారు, చుట్టుపక్కల నాలుగు ఇళ్లవారి ముఖాలు తెలుస్తాయి. ఇక్కడ టీచరుగా పనిచేసినవారికి నిరాశ కలిగించే విషయం ఒకటుంది. ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పాలంటే ఐరిష్ భాష రావాలి. హైస్కూల్లో తమ సబ్జెక్టుకు ఆ షరతు ఉండదు. చిన్నపిల్లల సంరక్షణ కేంద్రాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సహాయకులుగా చేరి మెల్లగా పైకి వెళ్లినవారున్నారు.

లైబ్రరీ గురించి ఒక మాట. సభ్యత్వం ఉచితం, ఆలస్యంగా పుస్తకం ఇస్తే జరిమానా 2019 నుంచి లేదు. వెచ్చగా ఉంటుంది, పిల్లలకు కథలు చెబుతారు, ఎన్ని గంటలు కూర్చున్నా ఎవరూ ఏమీ అడగరు. కొత్తగా వెళ్లిన మనిషికి ఆ దేశం ఇచ్చే అన్నిటికంటే మంచి గది అదే.

బిడ్డ కడుపున పడ్డాక ఇద్దరి వేగాలు మళ్లీ కలుస్తాయి, కొన్నిసార్లు ఢీకొంటాయి. అక్కడ నివసిస్తున్న గర్భిణులకు పరీక్షలు, కాన్పు ప్రభుత్వ పథకంలో ఉచితం. డబ్లిన్‌లోని రొటండా ఆసుపత్రి 1745 నుంచి నడుస్తోంది. తల్లీబిడ్డ ఇంటికి వచ్చిన మూడు రోజుల్లోపే పబ్లిక్ హెల్త్ నర్సు స్వయంగా ఇంటికొచ్చి బిడ్డ బరువు చూస్తుంది, తల్లి మనసు ఎలా ఉందో కూడా అడుగుతుంది. కొరత మరోచోట. పురుడు పోయడానికి అమ్మో అత్తగారో వస్తే విజిట్ వీసా మీద 90 రోజులే ఉండగలరు. ఆ మూడు నెలలు పథ్యం వంట, బిడ్డ స్నానం, అన్నీ నడిచిపోతాయి. నాలుగో నెలలో ఇంట్లో ఇద్దరే మిగులుతారు. బిడ్డ తండ్రికి ఉన్న రెండు వారాల పితృత్వ సెలవును, తొమ్మిది వారాల పేరెంట్స్ లీవును మొదట్లోనే, ఇంట్లో అమ్మ ఉండగానే వాడేసుకుంటే ఆ నాలుగో నెలలో తల్లి ఒంటరైపోతుంది. సెలవును అమ్మ తిరుగు ప్రయాణం తేదీ చూసి పెట్టుకోవాలి.

ఆసుపత్రుల మాట వచ్చినప్పుడు సవిత హలప్పనవర్‌ను తలచుకోకుండా ఉండలేం. బెళగావికి చెందిన ఈ డెంటిస్టు 2012 అక్టోబరులో గాల్వే ఆసుపత్రిలో, గర్భస్రావం అవుతుండగా అబార్షన్ అడిగినా నిరాకరించడంతో, సెప్సిస్ ముదిరి చనిపోయారు. ఆమె మరణం ఆ దేశాన్ని కుదిపేసింది. 2018 మే 25న జరిగిన రెఫరెండంలో 66 శాతానికి పైగా ఓటర్లు రాజ్యాంగంలోని అబార్షన్ నిషేధాన్ని తొలగించారు. డబ్లిన్ గోడల మీద జనం ఆమె బొమ్మ గీసి పూలు పెట్టారు. భర్తతో కలిసి కొత్త జీవితం మొదలుపెట్టడానికి వెళ్లిన ఒక భారతీయ మహిళ పేరు ఆ దేశ చరిత్రలో అలా నిలిచిపోయింది.

పిల్లల స్కూలు మరో పెద్ద ద్వారం. ప్రైమరీ స్కూళ్లలో పదింట తొమ్మిదికి దగ్గరగా క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే ఉన్నాయి. బాప్టిజం లేదని సీటు నిరాకరించే పద్ధతికి 2018 చట్టం చాలావరకు ముగింపు పలికింది. కానీ రెండో తరగతిలో ఫస్ట్ కమ్యూనియన్ అనే క్యాథలిక్ వేడుకకు క్లాసంతా నెలల తరబడి సిద్ధమవుతుంటే మన పిల్లలు వెనక బల్ల మీద బొమ్మలకు రంగులు వేస్తూ కూర్చుంటారు. అది పిల్లల మనసుకు తాకుతుంది. అలా వద్దనుకునేవారికి ఎడ్యుకేట్ టుగెదర్, కమ్యూనిటీ నేషనల్ స్కూళ్లు ఉన్నాయి, సీట్లు తక్కువ. మరోవైపు పిల్లలు ఐరిష్ భాషను మొదటి రోజు నుంచే నేర్చుకుంటారు, ఇంట్లో తల్లిదండ్రులకు రాని పాటలు పాడతారు. తెలుగు పోతుందేమో అన్న దిగులు సహజమే. అయితే సొంత భాష చేజారిపోతే ఏమవుతుందో అనుభవించిన దేశం అది. ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడుతున్నామంటే అక్కడి టీచర్లు గౌరవంగానే వింటారు.

1884లో పుట్టిన గేలిక్ ఆటల సంఘం, జీఏఏ, గురించి ప్రతి జంట తెలుసుకోవాలి. క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఆడే హర్లింగ్ (కర్ర, బంతి ఆట) వీరుడు కూడా జీతం తీసుకోడు, సోమవారం పొద్దున్న తన ఉద్యోగానికి వెళ్తాడు. ఊరూరా ఉన్న క్లబ్బులన్నీ వాలంటీర్ల చేతుల మీదుగానే నడుస్తాయి. శనివారం పొద్దున్నే ఐదారేళ్ల పిల్లాడిని మైదానానికి తీసుకెళ్లిన తల్లి చేతిలో రెండో వారానికే ఎవరో ఒకరు ప్లాస్టిక్ కోన్లు పెట్టి అటు పెట్టమంటారు. మూడో నెలకు ఆ వారం జెర్సీలు ఉతికి తేవడం ఆమె వంతవుతుంది. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోన్ నంబరు ఉంటుంది. తడిసిన పచ్చికలో నిలబడి చేసే ఈ పని ఎన్నో క్లాసుల కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇవన్నీ చెప్పాక 2025 వేసవి గురించి దాచడం తప్పవుతుంది. జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిని గుంపుగా కొట్టి, బట్టలు విప్పి రోడ్డు మీద వదిలేశారు. ఆ తర్వాత వరసగా మరికొన్ని దాడులు జరిగాయి. ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఫార్మ్‌లీలో జరగాల్సిన ఇండియా డే వేడుకను వాయిదా వేశారు. అప్పటి అధ్యక్షుడు మైఖేల్ డి. హిగ్గిన్స్ దాడులను ఖండించారు, టాలాలో స్థానికులు బాధితుడికి మద్దతుగా వీధుల్లోకి వచ్చారు. ఆ మద్దతు నిజమైనది. భయమూ నిజమైనదే. ఆ భయం కూడా ఇద్దరి మీదా ఒకేలా పడలేదు. ఆఫీసుకు వెళ్లక తప్పని మనిషి వెళ్లారు. అప్పుడప్పుడే ఒంటరిగా బయటికి వెళ్లడం అలవాటు చేసుకుంటున్న మనిషి మళ్లీ ఇంట్లో కూర్చున్నారు. పొరుగువారితో ముఖ పరిచయం ఉన్నవారు ఆ నెలల్ని కొంచెం ధైర్యంగా దాటారు. దాడి జరిగితే పరువు పోతుందని ఊరుకోకుండా పోలీసులకు చెప్పడం ముఖ్యం. ద్వేషంతో చేసే నేరాలకు శిక్ష పెంచే చట్టం 2024 చివరి నుంచి అమల్లో ఉంది.

తెలుగువారికి ఆ నగరం కొత్తదేమీ కాదు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటపు గాలి సోకి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి రావాల్సి వచ్చింది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు నమూనా 1937 ఐరిష్ రాజ్యాంగం. ఈ బంధం అక్కడి పాత తరానికి బాగా గుర్తు. ఈ తరం మనవారు వాడుకోవాల్సిన హక్కు మరొకటుంది. ఐర్లాండ్‌లో నివసించే పెద్దలెవరైనా, ఏ దేశ పౌరులైనా, స్థానిక ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. పేరు నమోదు చేసుకున్న ఇంటి తలుపు కౌన్సిలర్ అభ్యర్థి స్వయంగా వచ్చి తడతారు. వీధి దీపం వెలగడం లేదని, బస్టాపు దగ్గర రాత్రి భయంగా ఉందని ఆ రెండో మనిషి చెప్పుకోగలిగే చోటు అది.

తెలుగు సంఘాలు, ఉగాది, బతుకమ్మ వేడుకలు, వాకిన్‌స్టౌన్‌లో 2020లో తెరిచిన గుడి మొదటి ఏడాది చాలా ఆసరా ఇస్తాయి. గోంగూర ఎక్కడ దొరుకుతుందో, పాత రోగుల్ని తప్ప కొత్తవారిని చేర్చుకోని డాక్టర్ల మధ్య ఎవరు చేర్చుకుంటున్నారో చెప్పేది ఆ గ్రూపులే. కానీ వారాంతాలన్నీ మనవాళ్ల ఇళ్లలోనే గడిచిపోతే, ఆఫీసు ఉన్న మనిషికి వారంలో ఐదు రోజులు ఐరిష్ ప్రపంచం మిగులుతుంది. రెండో మనిషికి ఏమీ మిగలదు.

ఐదేళ్లు పూర్తయ్యాక పౌరసత్వం ప్రశ్న వస్తుంది. విద్యార్థులకిచ్చే ‘స్టాంప్ 2’ మీద చదువుకున్న ఏళ్లు లెక్కలోకి రావు. దరఖాస్తుకు ముందటి ఏడాదిలో 70 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు, అసాధారణ పరిస్థితుల్లో మరో 30 రోజులు మినహాయిస్తారు. ఊళ్లో నాన్నకు ఆపరేషన్ అయితే మూడు నెలలు వచ్చి ఉండాలనుకునే మనిషికి ఈ లెక్క చాలా బరువైనది. ఆ మనిషి సాధారణంగా ఉద్యోగం లేని భాగస్వామే అవుతారు, సేవ చేయడానికి పంపేది వారినే కాబట్టి. దరఖాస్తు రుసుము 175 యూరోలు, సర్టిఫికెట్‌కు 950. బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరు గత నాలుగేళ్లలో మూడేళ్లు చట్టబద్ధంగా అక్కడ ఉండి ఉంటే ఆ బిడ్డ పుట్టుకతోనే ఐరిష్ పౌరుడు. పెద్దలు ఆ పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు అప్పగించాలి. ఓసీఐ కార్డుతో ఎన్నాళ్లైనా వచ్చి ఉండొచ్చు కానీ ఇక్కడ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే వీలుండదు. అందుకే చాలా ఇళ్లలో ఒకరు ఐరిష్ పాస్‌పోర్టు తీసుకుని, మరొకరు భారత పాస్‌పోర్టుతోనే, పర్మిట్ లేకుండా ఉండి పనిచేసుకునే వీలున్న స్టాంప్ 4 మీద కొనసాగుతారు.